కేరవాన్‌లో కాపురం, ప్రయాణం: ఇబ్బందుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో మా వీధిలో బండి ఆగి ఉన్న ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి అడిగే ప్రశ్నలే ఇవి. ఉద్యోగ విరమణ తరువాత నేనూ నా భార్యా ఒక పాత కేరవాన్ కొనుక్కుని ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా, అటు సాలూరు, అరకు వైపూ తిరిగాము. ఒక విడత వరసగా నాలుగు నెలలు దానిలోనే కాపురం ఉన్నాము. సుఖాల సంగతి అమ్మేవాళ్ళు చక్కగా చెబుతారు కాబట్టి ఇక్కడ కష్టాలే రాస్తున్నాను.

కేరవాన్ అని మీరు దేనిని అంటున్నారు?

మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి ఉండి, నలుగురైదుగురు లోపలే పడుకోగలిగిన బండిని. ఇంజను దానికే ఉన్నది ఒక రకం, కారు వెనుక తగిలించి లాగేది మరో రకం. మన ప్రాంతంలో కనిపించేవి దాదాపు అన్నీ పెద్ద వ్యాను మీద కట్టినవే. మన జనానికి తెలిసిన కేరవాన్ షూటింగుల్లో నటులు ముఖానికి రంగు వేసుకునేది ఒక్కటే కాబట్టి, టెక్కలి దగ్గర ఒక పెద్దాయన మా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి "ఇది సినిమావోల బండేటి బాబూ, నోపలెవులున్నారు?" అని అడిగాడు. లోపల ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్న మా ఆవిడను చూసి నిరాశపడి వెళ్ళిపోయాడు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఏది?

నీళ్ళు. ఇరుకనీ, ఎండనీ, డీజిలు ఖర్చనీ చాలామంది అనుకుంటారు గాని, నాలుగో రోజుకల్లా మనసంతా ఆక్రమించేది నీళ్ళ ట్యాంకు ముల్లే. ఇంట్లో మనం నీళ్ళను లెక్కపెట్టము. మేడ మీద ట్యాంకు పొర్లిన చప్పుడు వినబడితే లేచి మోటారు కట్టేస్తాము, అంతటితో సరి. మా బండిలో ఉన్నది 120 లీటర్ల ట్యాంకు. ఇద్దరికీ చెంబు స్నానాలకు 24 లీటర్లు, గిన్నెలకు 10, వంటకూ తాగడానికీ 8, ముఖాలూ చేతులూ కడుక్కోవడానికి 6, మరుగుదొడ్డికి 4 లీటర్లు అనుకుంటే ఎంత పొదుపుగా వాడినా రోజుకు 50 లీటర్లు దాటుతుంది. అంటే రెండో రోజు సాయంత్రానికి ముల్లు కిందికి దిగుతుంది, మూడో రోజు ఉదయం కుళాయి వేట మొదలవుతుంది. బట్టలు ఉతకడం ఈ లెక్కలో లేదు.

నింపుకున్న నీటికి బరువు కూడా ఉంటుంది. లీటరుకు కిలో చొప్పున 120 కిలోలంటే ఇద్దరు మనుషులను అదనంగా ఎక్కించుకున్నట్టే. ట్యాంకు సగం ఖాళీ అయ్యాక మలుపు తిరిగితే ఆ నీళ్ళు ఒక పక్కకు ఒరిగి బండిని కూడా తమతో లాగుతాయి. ఆ తేడా స్టీరింగు పట్టుకున్నవాడికి బాగా తెలుస్తుంది.

ఇక ఎక్కడ పట్టుకోవాలి అన్నది అసలు చిక్కు. సముద్రపు ఒడ్డున బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. కళింగపట్నం వైపు మూడు రోజులు అవే వాడితే పంపు వడపోత జల్లెడ తెల్లగా గారకట్టింది. ఉద్దానం మండలాల్లో మరో జాగ్రత్త అవసరం. అక్కడ ఏళ్ళ తరబడి ప్రజలను పీడిస్తున్న కిడ్నీ వ్యాధికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీటిని పైపుల ద్వారా అందించే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయింది. మేము మాత్రం ఆ వైపు వెళ్ళినప్పుడు తాగడానికి ఇంటి నుంచే డబ్బాలు పట్టుకువెళ్ళాము.

బారువ దగ్గర ఒక ఊళ్ళో ఉదయం కుళాయి గంటసేపే వస్తుంది. ఆడవాళ్ళు బిందెలు వరసలో పెట్టి నిలబడి ఉన్నారు, నేను ఇరవై మీటర్ల గొట్టం చుట్ట భుజాన వేసుకుని వెళ్ళాను. నా ట్యాంకు నిండాలంటే వాళ్ళవి ఏడు బిందెలు ఆగాలి. ఒక ముసలమ్మ తన బిందె పక్కకు జరిపి "పట్టుకో బాబూ, నీ బండికి నుయ్యి నేదు గదా" అంది. సగం నింపుకుని వచ్చేశాను. దేశం తిరగడమంటే ఎవరి వాటాలోనో చేయి పెట్టడం కూడా అవుతుందని ఆ ఉదయం వరకు నాకు తట్టలేదు.

మరుగుదొడ్డి, మురుగు నీరు ఎలా? నేరుగా అడగడానికి సంకోచంగా ఉంది.

సంకోచించవలసిన పని లేదు, కొనేముందు అందరూ అడగవలసిన ప్రశ్న ఇదే. బండిలో మురుగు రెండు రకాలు: గిన్నెల తొట్టి, స్నానాల నుంచి వచ్చేది ఒకటి, మరుగుదొడ్డి నుంచి వచ్చేది మరొకటి. మొదటిదానికి బండి కింద ట్యాంకు ఉంటుంది. రెండోదానికి చిన్న బళ్ళలో బయటి నుంచి లాగి తీసే పెట్టె ఉంటుంది. అందులో పట్టేది ఇంచుమించు 20 లీటర్లు, ఇద్దరికి రెండు మూడు రోజులు. నిండాక దానిని చేత్తో మోసుకుపోయి ఎక్కడో ఒలకబోయాలి, కడగాలి, మందు నీళ్ళు పోసి మళ్ళీ తోయాలి. ఈ పని ఎవరు చేయాలన్న చర్చ మా ఇంట్లో మొదటి వారంలోనే ముగిసింది; అప్పటి నుంచీ నేనే చేస్తున్నాను.

బళ్ళ మురుగును దించడానికి ప్రత్యేకంగా కట్టిన చోటు నేను తిరిగిన రోడ్ల మీద ఒక్కటీ చూడలేదు. మిగిలిన దారి ప్రజా మరుగుదొడ్లే. హైవే పక్క పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి ఉంటుంది గాని, పెట్టె పట్టుకుని లోపలికి వెళుతున్న మనిషిని చూసి అక్కడి కుర్రాడు ముఖం చిట్లిస్తే తప్పు అతనిది కాదు, తరువాత కడగవలసినవాడు అతనే. నేను ముందే చెప్పి, ఒప్పుకుంటేనే వెళ్ళి, ఒక బకెట్టు నీళ్ళు అదనంగా పోసి, చేతిలో కొంత డబ్బు పెట్టి వచ్చేవాడిని. ఒప్పుకోకపోతే ముందుకు సాగడమే.

పొలాల గట్ల మీదా, చెరువుల్లోనూ, నాగావళి ఇసుకలోనూ వదిలేసి పోయేవాళ్ళు ఉన్నారు. గిన్నెలు కడిగిన నీళ్ళే కదా అని సబ్బు నురగను రోడ్డు పక్క కాలువలోకి తిప్పేవాళ్ళు మరీ ఎక్కువ. ఆ కాలువ కింద ఎవరిదో మడి ఉంటుంది. ఈ విషయంలో మంచి దారి లేదు, తక్కువ చెడ్డ దారి మాత్రమే ఉంది. ఆ 20 లీటర్ల పెట్టెను వారానికి మూడుసార్లు మోయగలరా అన్నదానికి జవాబు దొరికాకే మిగిలిన ప్రశ్నలు చదవండి.

ఏసీ ఉంటుంది కదా, వేసవి గడవదా?

ఏసీ ఉంటుంది, దానికి కరెంటు ఉండదు. లెక్క చూడండి. ఒక టన్ను ఏసీ నడుస్తున్నప్పుడు రమారమి 1,000 నుంచి 1,200 వాట్లు తీసుకుంటుంది. మా బండిలో 12 వోల్టుల 150 ఆంపియర్‌అవర్ల లెడ్ బ్యాటరీలు రెండు ఉన్నాయి. రెండూ కలిపి 3,600 వాట్‌అవర్లు, అంటే 3.6 యూనిట్లు. లెడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడితే త్వరగా చచ్చిపోతుంది కాబట్టి మనకు దక్కేది 1.8 యూనిట్లు. ఇన్వర్టరు తినేది తీసేస్తే ఏసీ గంటన్నర కూడా నడవదు. పైకప్పు మీద 400 వాట్ల సౌర పలకలు పెట్టినా మంచి ఎండ ఉన్న రోజున వచ్చేది ఒకటిన్నర, రెండు యూనిట్లు. పలకలకు ఎండ తగలాలంటే బండిని ఎండలోనే నిలపాలి, ఎండలో నిలిపితే లోపల పెనం. లిథియం బ్యాటరీలు వేస్తే మరికొంత సేపు వస్తుంది, ఖర్చు పెరుగుతుంది, రాత్రంతా మాత్రం రాదు.

మన తీరంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధపెడుతుంది. పెంకుటింట్లో చూరు కింద వేడి నిలబడి, కిందికి దిగడానికి సమయం పడుతుంది. రేకు బండిలో అది నేరుగా నెత్తి మీదే ఉంటుంది. దోమల కోసం కిటికీలు మూస్తే గాలి ఉండదు, తెరిస్తే దోమలు ఊరుకోవు. మేము చేసినది ఒక్కటే: మే నెలలో బండిని మామిడి చెట్టు కింద కట్టేసి ఇంట్లో ఉండడం.

ఎవరైనా తెలిసినవారి ఇంటి నుంచి తీగ లాగి ప్లగ్గు పెట్టుకుంటే ఏసీ నడుస్తుంది నిజమే. 16 ఆంపియర్ల ప్లగ్గు, మంచి ఎర్తింగు ఉండాలి. సాయంత్రం పల్లెలో వోల్టేజి పడిపోయే వేళ ఏసీ వేస్తే ఆ ఇంటివాళ్ళ ఫ్యాన్లు నెమ్మదిస్తాయి, మర్యాద కోసం వాళ్ళు ఏమీ అనరు.

ఇంజను గాని జనరేటరు గాని వేసి పడుకోకూడదా?

ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన ఆపిన కేరవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాడికి మెలకువ రాదు. దానిని పసిగట్టి మోగే చిన్న పరికరం దొరుకుతుంది. బండిలో అది లేకపోతే టీవీ కంటే ముందు అది కొనండి.

వానాకాలం, తుపాన్ల మాటేమిటి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి తుపాను గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటాయి. తిరగడానికి హాయిగా ఉండే అక్టోబరు నెలే మనకు తుపాను నెల కూడా.

వ్యాను పక్క గోడ ఇంచుమించు 14 చదరపు మీటర్లు ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి దానిని అడ్డంగా కొడితే పడే తోపు దాదాపు 700 కిలోల బరువుకు సమానం; తిత్లీ నాటి గాలి 140 దాటింది, ఆ వేగానికి ఆ తోపు ఇంచుమించు రెట్టింపవుతుంది. ఆనాడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన తీరు చూసినవారెవరూ చెట్టు కింద బండి ఆపుకుని తుపాను గడుపుదామని అనుకోరు. హెచ్చరిక వచ్చిన వెంటనే తీరం వదిలి పక్కా ఇంటికి చేరడమే. ఇల్లు చక్రాల మీద ఉన్నందుకు ఇందులో ఒక లాభం ఉందనవచ్చు, కాకపోతే ఆ రోజు రోడ్డు మీద లారీలు కూడా అదే పని చేస్తుంటాయి.

తుపాను లేని మామూలు వానే బండికి ఎక్కువ హాని చేస్తుంది. పైకప్పు మీద గాలి గూడు, సౌర పలకల మేకులు, కిటికీ అంచులు, ఇలా ఎక్కడ చిల్లి పెడితే అక్కడ ఒక రోజున నీరు దిగుతుంది. దిగిన నీరు కారి కింద పడితే అదృష్టమే. లోపలి చెక్కలోకి ఇంకిపోతే అట్ట ఉబ్బి, ముక్కిన వాసన వచ్చే వరకు మనకు తెలియదు. మా మంచం తలవైపు పలకను వేలితో నొక్కితే తడిసిన రస్కులాగా లోపలికి పోయింది. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. తీరంలో వారం ఉంటే చాలు, తలుపు మడతబందులు కిర్రుమంటాయి, స్క్రూల తలలు ఎర్రబడతాయి. తీరం నుంచి వచ్చిన ప్రతిసారీ బండి అడుగు భాగాన్ని మంచి నీళ్ళతో కడగాలి. ఆ మంచి నీళ్ళు ఎక్కడివి అన్న ప్రశ్న మళ్ళీ మొదటికి వస్తుంది.

రాత్రి బండి ఎక్కడ ఆపుకోవచ్చు?

చట్టప్రకారం ఇక్కడ ఆపుకుని పడుకోవచ్చు అని బోర్డు పెట్టిన చోటు మా దారిలో మాకు కనబడలేదు. కాబట్టి ప్రతి సాయంత్రం నాలుగు గంటలకు వెతకడం మొదలవుతుంది. లారీలు ఆగే చోట రాత్రంతా హారన్లు, ఇంజన్ల చప్పుడు. బంకులో ఆపాలంటే అనుమతి కావాలి. గుడి ఆవరణలు శుభ్రంగా ఉంటాయి గాని, అరసవల్లిలో ఆదివారాలూ రథసప్తమీ, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగే మంగళవారం బండి నిలపడం మాట అటుంచి దూరడమే కష్టం. శ్రీకూర్మం దగ్గర మామూలు రోజుల్లో ఒకటి రెండు రాత్రులు ప్రశాంతంగా గడిపాము.

ఊరి చెరువు గట్టున ఆపితే పావుగంటలో పదిమంది చేరతారు. కోపంతో కాదు, కుతూహలంతో. అయినా అలసిపోయి వచ్చిన మనిషికి అదే పదిమందికి అవే జవాబులు చెప్పే ఓపిక ఉండదు. ఒకసారి రాత్రి రెండు గంటలకు గస్తీ తిరిగేవాళ్ళు లాఠీతో అద్దం మీద తట్టారు. మర్యాదగానే మాట్లాడారు, కాగితాలు చూశారు, ఇక్కడ ఉండవద్దన్నారు. ఆ వేళప్పుడు నిద్రకళ్ళతో పది కిలోమీటర్లు నడపవలసి వచ్చింది. ఆ మరుసటి రోజు నుంచి ముందుగా ఊరి పెద్దకు గాని, దగ్గరి స్టేషనులో గాని చెప్పి ఆపడం అలవాటు చేసుకున్నాము.

సముద్రపు ఒడ్డున ఆపేవారికి మరో మాట. మన తీరం మీద శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పొదిగి వచ్చిన పిల్లలు వెలుతురును బట్టి సముద్రం వైపు పాకుతాయి, బండి దీపాలు ఉంటే ఇటు వస్తాయి. ఆ నెలల్లో ఇసుక దాకా బండి దించవద్దు, బయటి దీపాలు వెలిగించవద్దు. తేలినీలాపురం దగ్గర పెలికాన్ కొంగలు దిగిన రోజుల్లో జనరేటరు మోగించడమూ అటువంటి పనే.

పెద్ద బండి మన ఇరుకు రోడ్లలో తిరుగుతుందా?

జాతీయ రహదారి 16 మీద ఏ చిక్కూ లేదు. చిక్కు అంతా అది దిగాకే. విజయనగరంలో మూడు లాంతర్లు, గంటస్తంభం దగ్గర సాయంత్రం ఆటోలూ బళ్ళూ సర్దుకుపోయే జాగాలో ఆరున్నర మీటర్ల వ్యాను దూరితే వెనక్కి తిప్పడానికి నలుగురు దిగి సాయం పట్టాలి. పల్లె వీధుల్లో పైన వేలాడే కరెంటు తీగలు, కేబులు తీగలు, చింతకొమ్మలు. బండి ఎత్తు మూడు మీటర్లకు దగ్గరగా ఉంటే రైలు కట్టల కింది దారుల్లో రాసి ఉన్న ఎత్తు చదివి గాని ముందుకు పోకూడదు. మా బండి ఎత్తు ఎంతో ఒక అట్ట మీద రాసి స్టీరింగు ఎదుట అతికించాను, అయినా ఒకసారి సౌర పలక అంచు కొమ్మకు తగిలి వంగింది.

ఘాట్లు మరో లోకం. శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కుతుంది, దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి. బరువైన బండిని బ్రేకు మీదే దించకూడదు, తక్కువ గేరులో ఇంజను పట్టు మీద దించాలి. ఇది లారీ డ్రైవరుకు అలవాటు, కారు నడిపిన చేతికి కాదు. సాలూరు నుంచి కోరాపుట్ వెళ్ళే 26వ నంబరు రహదారి మీద మలుపులో ఎదురుగా బరువు లారీ వస్తే వెనక్కి వెళ్ళవలసింది ఎవరన్నది అక్కడికక్కడ తేలుతుంది. ఈ కుదుపులన్నిటికీ లోపల ఏమవుతుందో చూడండి: అర తలుపు గొళ్ళెం వేయడం మరచిపోతే పప్పు డబ్బా, ఆవాల డబ్బా, పసుపు డబ్బా వరసగా దిగి నేలమీద ఒక్కటవుతాయి.

నడపడానికి వేరే లైసెన్సు కావాలా?

మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే తేలిక వాహనాల లైసెన్సు సరిపోతుంది. ఎక్కువమంది కొనేవి ఈ లోపే ఉంటాయి.

పాత వ్యాను కొని మన ఊళ్ళోనే మార్పించుకుంటే చవక కదా?

చవకే, చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చడానికి వీలులేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే సంవత్సరం సవరించిన చట్టంలో ఇటువంటి మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చని ఉంది. మన దేశంలో మోటారు కేరవాన్లకు ప్రత్యేకంగా ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఆమోదం పొందిన బండిని, రిజిస్ట్రేషను పుస్తకంలో ఆ మాట రాసి ఉన్నదాన్ని కొనడమే క్షేమం.

జరిమానా కంటే పెద్ద దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. సీట్లు పీకి మంచం, గ్యాసు పొయ్యి బిగించిన సంగతి బీమా సంస్థకు చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజున వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

నెలకు ఖర్చు ఎంత అవుతుంది? అద్దె మిగులుతుంది కదా?

అద్దె మిగులుతుంది, అది డీజిలు ట్యాంకులోకి పోతుంది. బరువు నింపిన వ్యాను లీటరుకు 8 నుంచి 10 కిలోమీటర్లు ఇస్తుంది. లీటరు వంద రూపాయలకు కాస్త తక్కువ అనుకుంటే కిలోమీటరుకు 10 నుంచి 12 రూపాయలు. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే డీజిలుకే 15,000 నుంచి 18,000. ఆ డబ్బుతో శ్రీకాకుళంలో మంచి ఇల్లే అద్దెకు వస్తుంది. మడపాం, నాతవలస వంటి టోలుగేట్ల దగ్గర పొడుగాటి వ్యానును మినీ బస్సు తరగతిలో లెక్కిస్తే కారు కంటే ఒకటిన్నర రెట్లు పడుతుంది.

పైకి కనబడని ఖర్చు విలువ తరుగుదల. బీమా లెక్కలోనే బండి విలువ రెండో ఏడు 20 శాతం, మూడో ఏడు 30, అయిదో ఏటికి 50 శాతం తగ్గిపోతుంది. ఇల్లు కొంటే పెరుగుతుందని ఆశ అయినా ఉంటుంది. కొత్తది కొని ఏడాదిలో విసుగెత్తి అమ్మినవాళ్ళ నుంచే నేను నా బండి కొన్నాను, వాళ్ళకు ఇవ్వాళ్టికీ నా కృతజ్ఞతలు.

వంట చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, అన్ని వంటలూ కాదు. ఇంటికి ఇచ్చే 14.2 కిలోల సిలిండరును బండిలో పెట్టుకు తిరగకూడదు. 5 కిలోల చిన్నది విడిగా దొరుకుతుంది, దానిని బయటికి గాలి పోయే గూటిలో నిలబెట్టి కట్టేయాలి. వంటగ్యాసు గాలి కంటే బరువు కాబట్టి లీకయితే నేలబారున పేరుకుంటుంది, అందుకే అడుగున గాలి కన్నం ఉండాలి, దానిని చలి అని గుడ్డతో మూయకూడదు. వాసన సంగతి మా ఆవిడ రాయమంది: భావనపాడులో తాజాగా కొన్న చేపలు పులుసు పెడితే ఆ రాత్రి రుచిగానే ఉంటుంది గాని, తలగడ గలీబులు మూడో రోజుకు కూడా పులుసు వాసనే వేస్తాయి. వేపుళ్ళు, పోపులు బయట అరుగు మీద పెట్టుకోవడమే మేలు.

బండి చెడిపోతే?

ఇల్లే గ్యారేజీకి పోతుంది. ఈ వాక్యంలోని కష్టం అనుభవిస్తే గాని తెలియదు. టెక్కలి దాటాక ఒకసారి గేరు పెట్టెలో శబ్దం మొదలయింది, దగ్గరి షెడ్డులో పెట్టాము, విడిభాగం రావడానికి ఆరు రోజులు పట్టింది. మొదటి సాయంత్రం మెకానిక్ ఏడింటికి షట్టరు దించేసి వెళ్ళిపోయాడు. నా రక్తపోటు మాత్రలు, ఆవిడ కళ్ళజోడు, మర్నాటికి నానబెట్టిన మినపప్పు, అన్నీ లోపలే. నరసన్నపేటలో మా వదినగారింట్లో తలదాచుకున్నాము. ఆరో రోజున బండి తెరిస్తే మినపప్పు సంగతి ముందు ముక్కుకే తెలిసింది.

ఇంజనుకు మెకానిక్ ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాడు. 12 వోల్టుల నీళ్ళ పంపు, మరుగుదొడ్డి పెట్టె రబ్బరు వలయం, పైకప్పు గాలి గూడు వంటి వాటికి మాత్రం మనిషీ దొరకడు, సామానూ దొరకదు. ఇవన్నీ మనమే బాగుచేసుకోవాలి. టైర్ల విషయంలో అరుగుదల చూసి మోసపోవద్దు. ఎక్కువ కాలం ఎండలో నిలిచిన బండి టైరు కొత్తగా కనిపిస్తూనే పక్కగోడ బీటలు వారుతుంది, దాని మీద ముద్రించిన తయారీ సంవత్సరం చూసి మార్చాలి.

భార్యాభర్తలిద్దరే కదా, సర్దుకుపోలేరా?

మా బండిలో నడవడానికీ పడుకోవడానికీ కలిపి ఉన్నది దాదాపు 80 చదరపు అడుగులు. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అన్న సామెత నేను ఒకసారి నోరు జారి అన్నందుకు "ఇరకటం ఎవరు కొన్నారు?" అని ఆవిడ అడిగింది, జవాబు నా దగ్గర లేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అలిగితే ఒకరు పెరట్లోకి, ఒకరు వీధి అరుగు మీదికి పోయేవాళ్ళము. బండిలో అలగడానికి చోటు లేదు. ఒకరు లేచి నిలబడితే ఒకరు కూర్చోవాలి, ఒకరు పళ్ళు తోముకుంటుంటే ఒకరు పొయ్యి ముట్టించలేరు. నాకు ఆకాశవాణి వార్తలు కావాలి, ఆవిడకు నిద్ర కావాలి.

చివరికి ఒక ఏర్పాటు చేసుకున్నాము. రోజూ సాయంత్రం ఒక గంట ఎవరో ఒకరు బండి దిగి ఒంటరిగా నడిచి రావాలి, ఎక్కడికి అని రెండోవారు అడగకూడదు. పిల్లలున్న వారికీ, వృద్ధులైన తల్లిదండ్రులున్న వారికీ ఈ కాపురం నేను సిఫారసు చేయను. బడి, ట్యూషను, అమ్మమ్మగారి మోకాళ్ళ నొప్పి, ఏవీ చక్రాల మీద కుదరవు. మెట్టు ఎత్తుగా ఉంటుంది, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కమ్మీ ఉండదు.

చిరునామా, మందుల సంగతి?

ఇల్లు ఖాళీ చేసి బండి ఎక్కితే ఆధారు, బ్యాంకు, ఓటరు జాబితా, రేషను, అన్నింటికీ ఒక గుమ్మం చూపించవలసి వస్తుంది. అందుకే ఊళ్ళో ఒక గది అయినా ఉంచుకోండి. ఇన్సులిన్ వాడేవారు తెరవని మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. బండి ఫ్రిజ్ బ్యాటరీ మీద ఆధారపడుతుంది, బ్యాటరీ ఎండ మీద ఆధారపడుతుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మీ మందు ప్రమాదంలో పడుతుంది.

అమెరికాలో మా అబ్బాయి వాళ్ళు హాయిగా తిరుగుతున్నారు. అక్కడ లేని కష్టం ఇక్కడెందుకు?

అక్కడ బండి వెనుక ఒక ఏర్పాటు ఉంది. బళ్ళ కోసమే కట్టిన మైదానాల్లో ఒక్కో బండికి నీటి కుళాయి, మురుగు గొట్టం, 30 గాని 50 గాని ఆంపియర్ల కరెంటు ఇస్తారు. 120 వోల్టుల మీద 30 ఆంపియర్లంటే 3,600 వాట్లు, ఏసీ నిశ్చింతగా నడుస్తుంది. దానికి రోజువారీ అద్దె ఉంటుంది, సెలవుల్లో నెలల ముందు గాని జాగా దొరకదు. చలికాలంలో గొట్టాల్లో నీరు గడ్డకట్టి పగిలిపోతుంది. చాలా పట్టణాల్లో వీధి పక్క రాత్రి ఆపనివ్వరు. కష్టాలు అక్కడా ఉన్నాయి, మురుగు పెట్టె పట్టుకుని బంకు కుర్రాడిని బతిమాలే కష్టం ఒక్కటి తక్కువ. మన దేశంలో కేరళ 2021లో కేరవాన్ పర్యాటక విధానం ప్రకటించి, బళ్ళు నిలిపే పార్కుల ఆలోచన మొదలుపెట్టింది. మన తీరంలోనూ కళింగపట్నం, బారువ, చింతపల్లి దగ్గర నీళ్ళు, ప్లగ్గు, మురుగు దించే గుంత ఉన్న స్థలాలు మూడు కడితే ఈ పేజీలో సగం కొట్టివేయవచ్చు.

ఇంత రాసి మీరెందుకు అమ్మలేదు?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, వారం పది రోజుల విడతల్లో వాడుకుంటున్నాము. శాలిహుండం కొండ కింద పొద్దున్నే తలుపు తీసి వంశధార మీద మంచు చూడడానికి ఆ నాలుగు నెలలు చాలు. మిగిలిన ఎనిమిది నెలలు అది మా పెరట్లో అతిథుల గది. సంక్రాంతికి మనవలు అందులోనే పడుకుంటారు.

కొనాలనే నిశ్చయించుకున్నాను. ఏం చూడాలి?

ముందు అద్దెకు తీసుకుని మూడు రాత్రులు గడపండి, అదీ మే నెలలో. తరువాత రిజిస్ట్రేషను పుస్తకంలో కేరవాన్ అని ఉందో లేదో, బీమా అదే పేరు మీద ఉందో లేదో చూడండి. నీళ్ళూ సామానూ నింపి వేబ్రిడ్జి మీద తూకం వేయించి, పుస్తకంలో రాసిన మొత్తం బరువుతో పోల్చండి. చివరగా పైకప్పు మీద పావుగంట సేపు గొట్టంతో నీళ్ళు పట్టించి, మీరు లోపల చెప్పులు విడిచి నిలబడి మూలమూలనా పలకలను బొటనవేలితో నొక్కుతూ రండి. అమ్మేవాడు ఆ పావుగంటకు ఒప్పుకోకపోతే బేరం అక్కడే ఆపి వచ్చేయండి.